సూది డాక్టరు, బోరింగు నీళ్లు, మా ఊరు

పోయిన వారం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. సూది డాక్టరు చనిపోయాడు. అమ్మకు ఆ మాట నేనే చెప్పాను. చాటలో కందిపప్పు ఏరుతున్న చెయ్యి ఆగింది. "ఎప్పుడట?" అంది. చెప్పాను. కాసేపటికి, "అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచేటోడు. పొద్దున రమ్మని ఎన్నడూ అనలే" అని మళ్లీ పప్పు ఏరుకుంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయనతో కొట్లాడిన మనిషి మా అమ్మ. ఆమె ఏఎన్ఎం. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు దిక్కు పల్లెల్లో సైకిల్ మీదా, కాలినడకనా తిరిగింది. ఊరందరికీ నర్సమ్మ. సూది డాక్టరుకు చదువు తక్కువ. పట్నంలో ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా కొన్నేళ్లు చేసి, ఊరికొచ్చి బ్యాగు పట్టుకున్నాడు. ఆర్ఎంపీ అనేవాళ్లు. మేం పిల్లలం మాత్రం సూది డాక్టరనే పిలిచేవాళ్లం.

ఆయన లూనా చప్పుడు చెరువు కట్ట దగ్గర ఉండగానే వినిపించేది. ఇంటి ముందు ఆగగానే స్పిరిట్ వాసన. ఇంకా ముందు రోజుల్లో గాజు సిరంజి వాడేవాడు. స్టీలు డబ్బాలో నీళ్లు పోసి, మా నానమ్మ పొయ్యి మీదే సూదులు ఉడకబెట్టేవాడు. డబ్బాలో సూదులు గలగలమంటుంటే నాకు కడుపులో తిప్పేది. ముసలివాళ్లు ఆయన్ని "ఎర్ర సూది" ఇవ్వమని అడిగేవాళ్లు. అది బలం మందు. రంగు ఎర్రగా ఉంటే రక్తం పడుతుందని వాళ్ల నమ్మకం. నొప్పులకు ఇంకో సూది ఉండేది. ఆ సూది పడిన మర్నాడు మనిషి లేచి పత్తి చేనుకు పోగలిగేవాడు. రెండు రోజులకు మళ్లీ పట్టేసేది.

"నొప్పి గోలీలు గట్లనే ఇచ్చుకుంట పోతే కిడ్నీలు ఖరాబైతయి" అని అమ్మ ఆయనతో వాకిట్లో నిలబడి గొడవ పెట్టుకునేది. ఆయన తల వంచుకుని వినేవాడు. ఒకసారి మాత్రం మెల్లగా అన్నాడు: "మరి ఏమియ్యాల్నో నువ్వు చెప్పు నర్సమ్మా. ఇస్త." అమ్మ దగ్గర కాల్షియం బిళ్లలు, ఐరన్ బిళ్లలు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండేవి. ఆ నడుములకు సరిపోయే మందు ఆమె పెట్టెలోనూ లేదు. నిజానికి ఎవరి పెట్టెలోనూ లేదు.

*

మా ఊళ్లో మొదట అందరూ తాగింది ఊరబావి నీళ్లే. గిలక కిర్రుమనేది, చేద నీళ్లలో పడి బుడుంగుమనేది, తడిసిన తాడు వాసన. వానాకాలం దాటాక ఏదో ఒక ఏడు గత్తర వచ్చేది. గత్తరంటే కలరా. వాంతులు, బేదులు మొదలయ్యాక ఎడ్లబండి మీద రోడ్డెక్కి, బస్సు కోసం చూసి, ఆసుపత్రికి చేరేలోపే పిల్లలు వాడిపోయేవాళ్లు. నానమ్మకు పుట్టిన పిల్లల్లో ఇద్దరు అలాగే పోయారు. వాళ్ల పేర్లు ఆమె చివరిదాకా పండగ పూట తలుచుకునేది.

అమ్మమ్మది కర్నూలు దిక్కు. ఆమె పిక్క మీద నొక్కుకుపోయిన మచ్చ ఒకటి ఉండేది. చిన్నప్పుడు నారి కురుపు వచ్చిందట. దిగుడు బావిలో మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకునేవాళ్లు. కురుపున్న కాలు నీళ్లలో పెట్టగానే పురుగు తన పిల్లల్ని ఆ నీళ్లలో వదులుతుంది. కంటికి ఆనని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో ఏడాదికల్లా మూరెడు, రెండు మూరల పురుగు తయారై తొడలోంచో, పాదంలోంచో బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగేవాళ్లట. మధ్యలో తెగితే కాలు వాచి, చీము పట్టి, విత్తనాలు వేసే కాలమంతా మంచంలోనే. మన దేశంలో ఈ రోగం చివరి కేసు 1996లో వచ్చింది. 2000లో దేశాన్ని నారి కురుపు లేని దేశంగా ప్రకటించారు. మందు బిళ్లతో, టీకాతో పోయిన రోగం కాదది. నీళ్లు గుడ్డలో వడకట్టి, దిగుడు బావుల మెట్లు మూసి, బోర్లు వేసి పోగొట్టారు. అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె గొంతులో గర్వం ఉండేది. తను ఆ శాఖ మనిషి కదా.

అందుకే ఊరికి బోరు బండి వచ్చిన రోజు అందరికన్నా ఎక్కువ సంతోషపడింది అమ్మే. బడి పక్కన రాతి నేల. బండి గర్జిస్తుంటే తెల్లటి రాతి పొడి లేచి మా జుట్టుమీదా, కనురెప్పల మీదా పడింది. నీళ్లు పైకి ఎగజిమ్మగానే కొబ్బరికాయ కొట్టారు. బురద నీళ్లలో తడిసి మేం గంతులేశాం. కొన్నాళ్లకు దాని మీద ఇనప పంపు బిగించారు. అదే బోరింగు. పిడి కిందికి పైకి ఆడుతుంటే గొలుసు కటకటలాడేది. తెల్లవారకముందే మొదలయ్యే ఆ చప్పుడు వింటూనే నేను నిద్ర లేచేదాన్ని. చిన్నపిల్లలమైతే పిడికి వేలాడి, ఒళ్లంతా ఊపి, బిందె నింపేవాళ్లం.

అమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, బావి నీళ్లు మానండి, బోరింగు నీళ్లు తాగండి అని. ప్రభుత్వం ఆమెకు నేర్పింది అదే. అప్పట్లో తాగునీటి దశాబ్దం అని దేశమంతా బోరింగులు వేశారు. ఆ మాట తప్పు కూడా కాదు. మా ఊళ్లో గత్తర తగ్గింది. పిల్లలు బతికారు. ఇది నేను ఎప్పుడూ మరిచిపోను, ఎవరైనా మరిచిపోయి మాట్లాడితే ఊరుకోను కూడా.

కానీ మా నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచి, ఆ ఫ్లోరైడును కరిగించుకుంటాయి. పైపైన ఊరే బావి నీళ్లలోనూ ఉండేది, కాకపోతే కొంత తక్కువ, లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఎక్కువ. సేద్యానికి బోర్లు పెరిగి నీళ్లు అడుగుకు పోయేకొద్దీ తాగే బోర్లు కూడా ఇంకా లోతుకు వేయాల్సి వచ్చింది. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. చల్లగా, తేటగా ఉండేవి ఆ నీళ్లు. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా దిక్కు చాలా బోర్లలో దానికి రెండింతలు, మూడింతలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ.

*

మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. దేవరకొండలో స్టూడియోకి పోయి దిగింది. అందులో అమ్మ హాయిగా నవ్వుతోంది, పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. నాయిన పెదాలు బిగించి నిలబడ్డాడు. నేనూ అంతే. తమ్ముడు నవ్వుతున్నాడు.

ఆ ఒక్క ఫోటోలో మా ఊరి నీళ్ల కథంతా ఉంది. అమ్మ పెళ్లయ్యాక వచ్చింది. ఆమె పళ్లు అప్పటికే వేరే ఊరి నీళ్లతో తయారైపోయాయి. నాయిన పుట్టింది అక్కడే, నేను పుట్టిందీ అక్కడే. శాశ్వత పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే పంటి మీద గోధుమ రంగు గీతలు పడతాయి. ఊళ్లో గార పళ్లు అంటారు. ఎంత బొగ్గు పెట్టి తోమినా పోవు, ఎందుకంటే అది పైన అంటిన మురికి కాదు. తమ్ముడు పుట్టేసరికి అమ్మకు ట్రైనింగులో ఈ సంగతి తెలిసింది. వాడి ఒక్కడికోసం నాయిన రోజూ సైకిల్‌కి రెండు క్యాన్లు కట్టి, ఫ్లోరైడ్ తక్కువని పరీక్షలో తేలిన ఇంకో ఊరి బావి నుంచి నీళ్లు తెచ్చేవాడు. మాకు ఒక సైకిల్, ఓపికున్న నాయిన, చదువుకున్న అమ్మ ఉన్నారు. పక్కింట్లో సైకిల్ లేదు. ఆ ఇంట్లో నలుగురు పిల్లలూ గార పళ్లతోనే పెరిగారు.

మాకు పదో తరగతిలో హైదరాబాద్ నుంచి ఒక కొత్త టీచరు వచ్చింది. మొదటిరోజే, "మీరు పళ్లు తోముకోరా?" అని క్లాసులో అందరినీ అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. తర్వాత ఆమే తెలుసుకుని బాధపడింది, చాలా మంచి టీచరు కూడా. కానీ చేయి అడ్డం పెట్టుకుని నవ్వడం నాకు ఆ రోజు నుంచే అలవాటైంది. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా జోకు వేస్తే చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. పెళ్లిచూపుల్లో మా ఊరి పేరు చెప్పగానే అవతలివాళ్లు మా పళ్లవైపు, నడకవైపు చూడటం మా ఈడు ఆడపిల్లలందరికీ తెలుసు.

*

పళ్లతో ఆగితే బాగుండేది. ముప్పై ఐదు, నలభై వచ్చేసరికి నడుము బిగిసేది. తర్వాత మెడ. వెనక నుంచి పిలిస్తే మా చిన్నాయన తల తిప్పేవాడు కాదు, ఒళ్లంతా తిప్పి చూసేవాడు. పిల్లలం అది ఆయన ఠీవి అనుకునేవాళ్లం. ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుని, కీళ్లను పట్టి ఉంచే కట్లు కూడా ఎముకలా గట్టిపడతాయని, దాన్ని ఫ్లోరోసిస్ అంటారని అప్పుడు మాకేం తెలుసు.

ఆడవాళ్ల బాధ వేరు. గొంతు కూర్చుని అంట్లు తోమలేరు, నాట్లు వేయలేరు, బయటికి పోవడానికి కూర్చోలేరు. చిన్నమ్మ చీకటితో లేచి, పట్టుకోవడానికి చెట్టున్న చోటు వెతుక్కుంటూ చాలా దూరం నడిచేది. ఈ మాట నాకు చెప్పడానికి ఆమెకు ముప్పై ఏళ్లు పట్టింది.

అమ్మకు ట్రైనింగులో మూడు పరీక్షలు నేర్పారు. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. రెండు చేతులూ తల వెనక పెట్టుకోవాలి. మిషన్లు అక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు. ఆమె బడి వరండాలో ఊరివాళ్లను వరుసగా నిలబెట్టి చేయించింది. పెద్దవాళ్లు ఏదో ఆటలా నవ్వుకుంటూ వచ్చి, వంగబోయి, సగంలో ఆగిపోయారు. అమ్మ రిజిస్టరులో పేరు పక్కన టిక్కులు, సున్నాలు పెట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి సున్నాలే ఎక్కువ. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. రిజిస్టరు పైకి పంపింది. పై నుంచి కాల్షియం బిళ్లలు వచ్చాయి.

పశువులకూ ఇదే. నాయిన కొన్న ఎడ్ల జత మూడు నాలుగేళ్లకే కాళ్లు బిగిసి, దుక్కిలో ముందుకు కదిలేవి కావు. మాల్ అనే ఊరి అంగడిలో వాటిని ఎంతకో కొంతకు వదిలించుకుని మళ్లీ అప్పు చేసి ఇంకో జత తెచ్చేవాడు. ఇది కొత్త సంగతేం కాదని నాకు చాలాకాలానికి తెలిసింది. మన దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతంలో. అక్కడి రైతులు ముందు గమనించింది కూడా ఎడ్లలోనేనట, నాగలి లాగలేకపోవడం చూసి.

మా జిల్లా గురించి 1955లో హైదరాబాద్ డాక్టరు సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ అనే ఆ వ్యాసం గురించి తెలిసిన రోజు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ అదే జిల్లాలో నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశారు. రోగం సంగతీ తెలుసు, నీళ్లు తెచ్చే తెలివీ ఉంది, రెండూ ఒకే ఏడాది, ఒకే జిల్లాలో. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలను పచ్చగా చేసింది. మాది పడమటి మెట్ట, ఎత్తు ప్రాంతం. కాలువ నీళ్లు ఎత్తుకు ఎక్కవు. నేనేం పైనున్న ఊళ్లను చూపించి కింది ఊళ్ల మీద పడి ఏడవడం లేదు. అక్కడా మా చుట్టాలే ఉన్నారు. కానీ వరి పారే నీళ్లలో ఎన్నో వంతు తాగడానికి ఎక్కిస్తే మా చిన్నాయన మెడ తిరిగేది అని మాత్రం నా మనసులోంచి పోదు.

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు లాన్సెట్ పత్రికలో ఇంకో సంగతి రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయని. సాగర్ వచ్చాక చుట్టుపక్కల భూగర్భ జలాలు పెరిగి, నేలలోనూ తిండిలోనూ ఖనిజాలు మారడం కూడా ఒక కారణమా అని వాళ్లు ఆలోచించారు. నాతో చదివినవాడొకడు అలాగే నడిచేవాడు. లెక్కల్లో మాకందరికీ ముందు. ఊళ్లో ఐదో తరగతి వరకే బడి. పై తరగతులకు రెండు మైళ్లు నడవాలి. వాడు ఆరులో మానేశాడు.

*

నల్లగొండ టెక్నిక్ అని ఒకటుంది. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేశారు. నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగు పొడి కలిపి తిప్పితే ఫ్లోరైడ్ తెట్టెతో పాటు అడుక్కి దిగుతుంది, పైనున్న తేట తాగొచ్చు. ఆఫ్రికాలో కూడా దీన్ని మా జిల్లా పేరుతోనే వాడారు. అమ్మ పెద్ద ప్లాస్టిక్ బకెట్ తెచ్చి వాకిట్లో కర్రతో తిప్పి చూపించేది. తడి పటిక వాసనంటే నాకు ఆ వాకిలే. మొదట అందరూ గుమిగూడి చూశారు, నాలుగిళ్లు మొదలుపెట్టాయి కూడా. వానాకాలం నాటికి అందరూ మానేశారు.

తప్పు వాళ్లది కాదు. పటిక ఎంత వేయాలన్నది ఒక్కో బోరుకు ఒక్కోలా ఉంటుంది, కొలిచి చెప్పే మనిషి లేడు. ఎక్కువైతే నీళ్లు పుల్లగా, వగరుగా ఉంటాయి. పటిక కొనాలి. కలిపాక గంటసేపు ఆగాలి, అడుగున దిగిన తెట్టెను దూరంగా పారబోయాలి. పొద్దున ఐదింటికి కూలికి పోయి చీకటి పడ్డాక వచ్చే ఆడమనిషి నెత్తిన ఈ పని కూడా పెట్టాం. అమ్మ ఇది తొందరగానే అర్థం చేసుకుంది. "ఊరికంతా ఒక్క ట్యాంకు పెట్టి, ఒక్క జీతగానిని పెట్టున్రి సారూ, ఇల్లిల్లుకూ బకెట్ ఎందుకు?" అని మీటింగులో అడిగిందట. రాసుకున్నారట.

తిండి సంగతీ ఉంది. పాలు తాగితే, కాల్షియం అందితే ఈ జబ్బు కొంత నెమ్మదిస్తుంది. మా ఊళ్లో బర్రెలు లేక కాదు. పొద్దునా సాయంత్రం డెయిరీ బండి వచ్చి క్యాన్లు ఎత్తుకుపోయేది. పాల డబ్బుతో జొన్నలూ, బియ్యమూ కొనుక్కునేవాళ్లం. పిల్లలకు మిగిలేది పలచటి చాయ్. తేయాకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుందని తెలిశాక అమ్మ మా ఇంట్లో చాయ్ మాన్పించింది. నానమ్మ వినలేదు.

నానమ్మ ఇంకో పని చేసేది, అది ఎవరూ నేర్పింది కాదు. రోజూ పచ్చిపులుసు ఉండాల్సిందే. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కాల్చిన ఎండుమిర్చి వేసి, జొన్న గట్కలో పోసేది. 2002లో పోషకాహార సంస్థ వాళ్లు పిల్లలకు చింతపండు పెట్టి పరీక్షించి, దానివల్ల ఒంట్లోని ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతోందని తేల్చారు. నీళ్లు మారకపోతే చింతపండు ఒక్కటీ కాపాడదు, ఆ సంగతీ నాకు తెలుసు. కానీ నానమ్మ ఆ ఊరి ముసలివాళ్లందరికన్నా చాలాకాలం వంగి వాకిలి ఊడ్చింది. మేం ఇంట్లో ఇప్పటికీ రోజూ పులుసు చేసుకుంటాం.

*

1996 ఎన్నికలప్పుడు నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు. వాళ్లలో ఎక్కువమందిని నీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి నిలబెట్టింది. గెలవడానికి కాదు, మా నీళ్ల గోస ఢిల్లీకి వినిపించడానికి. ఊళ్లల్లో మామూలు రైతులు, నడుము వంగిన మనుషులు, డబ్బులు పోగుచేసుకుని డిపాజిట్లు కట్టారు. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చేశారు. నానమ్మను నేనే తీసుకుపోయాను. ఆమెకు చదువు రాదు. అన్ని పేజీలు చూసి, "వీళ్లందరికి నీళ్లు లేవా బిడ్డా?" అని అక్కడే గట్టిగా అడిగింది. పోలింగు ఆఫీసరు తలెత్తి చూశాడు కానీ ఏమీ అనలేదు. ఆ ఏడాదే డిపాజిట్ 500 నుంచి 10,000 చేశారు.

ఆ రోజుల్లోనే సూది డాక్టరు తన ఖాతా పుస్తకం అమ్మకు తెచ్చి చూపించాడు. ఎవరికి ఎన్ని సూదులు, ఎంత బాకీ, అన్నీ అందులో రాసుకునేవాడు. "నర్సమ్మా, నీ రిజిస్టర్ల ఉన్న పేర్లే నా బుక్కుల ఉన్నయి చూడు" అన్నాడు. ఇద్దరూ లాంతరు దగ్గర కూర్చుని పేర్లు సరిచూసుకున్నారు. ఆ ఖాతా తీసుకుని పెద్ద సార్ల దగ్గరికి పోదామని అమ్మ అంది. ఆయన భయపడ్డాడు, డిగ్రీ లేని మనిషి కదా. వద్దన్నాడు. అప్పటి నుంచి వాకిట్లో కొట్లాటలు తగ్గాయి.

పట్నం పోయి చూపించుకున్నవాళ్లు లేకపోలేదు. నాయిన చిన్నాయనను ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మాల్ దాకా ఆటోలో, అక్కడి నుంచి సాగర్ రోడ్డు బస్సులో. కూర్చుంటే లేవలేడని ఇబ్రహీంపట్నం దాకా నిలబడే వచ్చాడట. రాత్రి వరండాలో పడుకుని, పొద్దున లైన్లో నిలబడి, డాక్టరు దగ్గరికి చేరారు. ఎక్స్‌రే చూసి, "ఏ ఊరు?" అని మాత్రం అడిగాడట డాక్టరు. చెప్పగానే ఎక్స్‌రే కవర్లో పెట్టి ఇచ్చేసి, "నీళ్లు మార్చండి" అన్నాడట. నిజమే చెప్పాడు. మూడు రోజుల కూలి, ఇద్దరి చార్జీలు పెట్టి తెచ్చుకున్న ఆ మందు చీటీలో ఉన్నది రాయడానికి పట్నం డాక్టరు అక్కర్లేదు. మార్చుకోవడానికి వేరే నీళ్లు కావాలి.

తర్వాత 108 వచ్చింది, ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్లు, కాన్పులు, యాక్సిడెంట్లు, ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి, మా ఊళ్లో కూడా. ఆపరేషన్‌తో పోయే జబ్బులకు తోవ దొరికింది. ఫ్లోరోసిస్‌కు కోసి తీసేయడానికి ఏమీ లేదు.

*

2004లో కృష్ణ నీళ్లు హైదరాబాద్‌కు వెళ్లాయి. మా జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయరు నుంచి, కోదండాపురంలో శుద్ధి చేసి, పెద్ద పెద్ద పైపుల్లో. ఆ పైపులు రోడ్డు పక్కన పరిచి ఉన్నప్పుడు పిల్లలు అందులో దూరి ఆడుకునేవాళ్లు. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. మా కిరాయి ఇంటి నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చిన రోజు నేను గ్లాసు పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో పక్కింటావిడకు చెప్పలేకపోయాను. ఇవి మా ఊరి పక్క నుంచే వచ్చిన నీళ్లు.

మా వైపు ఊళ్లకూ ఆ తర్వాత విడతలు విడతలుగా కృష్ణ నీళ్లు మొదలయ్యాయి. ట్యాంకులు కట్టారు. మోటరు కాలిపోతే వారం, పైపు పగిలితే పది రోజులు. ఆ రోజుల్లో మళ్లీ బోరింగే. అప్పటికి కొన్ని బోరింగులకు ఎర్ర రంగు పూశారు, తాగొద్దని గుర్తు. ఇంకో గతిలేనప్పుడు ఎర్ర రంగు ఎవరిని ఆపుతుంది?

మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో పెట్టారంటే ఆ చోటు ఊరికే ఎంచుకోలేదు, అదీ ఫ్లోరైడ్ దిక్కే. ఇంటింటికీ నల్లా వచ్చింది. ఈ మధ్య ఊరికి పోయినప్పుడు ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు నన్ను చుట్టుముట్టారు. నవ్వుతుంటే చూశాను. తెల్లగా ఉన్నాయి. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, ఏదో వంకతో మాట్లాడించి మరీ చూశాను. ఏ పార్టీ చేసినా సరే, ఇది చేసినవాళ్లకు దండం పెడతాను. ఇది అరవై ఏళ్ల కిందే చేయొచ్చు అన్న మాట కూడా అంతే గట్టిగా అంటాను.

ఇక కొత్త కేసులు లేవని 2020 నాటికి లెక్కలు చెప్పారు. సరే. పాతవాళ్లు? వాళ్ల ఎముకల్లో చేరింది నల్లా తిప్పగానే పోదు. చౌటుప్పల్‌లో ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం, మర్రిగూడలో పెద్ద ఆసుపత్రి వస్తాయని ఎన్నికల ముందూ, తర్వాతా ఎన్నోసార్లు విన్నాం. మా వాళ్లకు కావాల్సింది అంత పెద్దది కూడా కాదు. వారానికోసారి ఊరికొచ్చి కీళ్లు కదిలించే ఫిజియోథెరపిస్టు, గొంతు కూర్చోలేనివాళ్లకు కమోడ్ ఉన్న మరుగుదొడ్డి, కిడ్నీలు చూసి మరీ రాసే నొప్పి మందు, వీళ్ల గురించి తెలిసిన డాక్టరు ఒకరు మండలానికి. పొలాల్లో పనిచేసేవాళ్లు మధ్యాహ్నం దప్పికైతే ఇప్పటికీ సేద్యపు బోరు దగ్గరే దోసిలి పడుతున్నారు. పొలం దాకా నల్లా రాదు కదా. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలని చెప్పి తిరగడానికి మా అమ్మలాంటివాళ్లు ఇంకా కావాలి.

సూది డాక్టరు దినాలకు పోవాలని అమ్మ పట్టుబట్టింది. పోతాం. అదే వారంలో చిన్నాయనకు సదరం క్యాంపు స్లాట్ దొరికింది, వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చేది అక్కడే. పోయినసారి ఆయనకు పింఛనుకు చాలినంత శాతం రాయలేదు. చేతులున్నాయి, కాళ్లున్నాయి, నడుస్తున్నాడు కదా అన్నారట. ఈసారి అమ్మ తన పాత రిజిస్టరు జిరాక్సు తీసి పెట్టుకుంది, ఆ మూడు పరీక్షలూ డాక్టరు ముందే చేయించి చూపిస్తానంటోంది. చిన్నాయన మామూలు కారులో వంగి ఎక్కలేడు. ముందు సీటు పూర్తిగా వెనక్కి వాలే బండి కావాలి. తమ్ముడు ఎవరినో అడిగాడు, శుక్రవారం రాత్రికి తెచ్చిస్తానన్నారు. పొద్దున నాలుగింటికే బయల్దేరాలి, లైన్ పెరగకముందే చేరాలంటే.